అట్ట డబ్బాలో మూడు కాపురాలు

కేరళలోని కున్నంకుళం పట్టణంలో పుస్తకాల బైండర్లకు కొదవ లేదు. కానీ కంప్యూటరుకు బైండింగు చేసినవాడు ఇనాసు ఒక్కడే.

అతని భార్య రోసిలి సొంతంగా కంప్యూటరు కూర్చుకుంటోంది. బోర్డు త్రిశూర్‌లో పాతసామాను అంగట్లో దొరికింది. కరెంటు పెట్టె, మానిటరు ఒక ఇంటర్నెట్ సెంటరు మూతపడ్డప్పుడు తూకానికి అమ్మేసిన సరుకులోవి. డిస్కు ఒక్కటే కొత్తది. అన్నీ సమకూరాక చూసుకుంటే వాటిని పెట్టడానికి డబ్బా లేదు.

"దానికింత ఆలోచనెందుకే? అట్టతో కట్టేస్తా," అన్నాడు ఇనాసు.

అన్నట్టే కట్టాడు. రిజిస్టర్లకు వాడే మందపాటి అట్ట కోసి, మూలలు అతికి, గాలాడటానికి ఆరెతో వరసగా బెజ్జాలు పొడిచి, పైన ఎర్ర క్యాలికో గుడ్డ అంటించాడు. పక్క తలుపు పుస్తకం అట్టలా తెరుచుకుంటుంది. మడత దగ్గర నిఖార్సయిన వీపు కూడా పెట్టి, "బంగారు రంగులో పేరు వేస్తా. ఏం వెయ్యమంటావు?" అని అడిగాడు.

"ముందు దాన్ని నోరు విప్పనీ," అంది రోసిలి.

అది నోరు విప్పిన పూటే రభస జరిగింది. మీట నొక్కగానే ఫ్యాను గిర్రున తిరిగింది, తెర మీద తెల్లటి అక్షరాలు జలజలా రాలాయి. రోసిలి ఒళ్ళు పులకరించి ముందుకు వంగింది. సరిగ్గా అప్పుడే మైదా జిగురు రుచి మరిగిన బొద్దింక ఒకటి అట్ట బెజ్జంలోంచి వచ్చి ఆమె మణికట్టు మీదికెక్కింది. రోసిలి కెవ్వుమంది. మరుక్షణం ఇల్లంతా చడీచప్పుడూ లేకుండా పోయింది. ఫ్యాను, తెర, వీధిగదిలో రేడియో, అన్నీ ఆగిపోయాయి.

వసారాలో మెయిన్ స్విచ్ కింద ఇనాసు నిలబడి ఉన్నాడు. చెయ్యి ఇంకా దాని మీదే ఉంది.

"ఏ వేలు?" అన్నాడు.

"వేలేంటయ్యా? బొద్దింక!"

"నాకేం తెలుసు, వేలో బొద్దింకో! అరుపు వినబడితే ముందు కరెంటు తియ్యి, తర్వాత సంగతేంటో అడుగు. కటింగ్ మిషన్ దగ్గర మా మేస్త్రీ నేర్పిన మొదటి పాఠం అదే. ఆయనకి మిగిలిన వేళ్ళు కూడా అందుకే మిగిలాయి."

"ఇది కటింగ్ మిషన్ కాదు. నడిచేటప్పుడు పీక పిసికితే చచ్చిపోద్ది. ఇంకోసారి ఆ స్విచ్ ముట్టుకున్నావంటే నీ వేళ్ళే తెగుతాయి!"

ఇనాసు తల ఊపాడు. ఆ ఊపుకు అర్థం లేదని రోసిలికి తెలుసు. ముప్ఫై ఏళ్ళ అలవాటు పెళ్ళాం తిడితే పోయేదైతే, ఈ దేశంలో సగం మంది మొగుళ్ళు ఎప్పుడో బాగుపడేవాళ్ళు.

అలవాట్ల మాటకొస్తే రోసిలి కూడా తక్కువేం తినలేదు. పరికిణీ వయసులో ప్రెస్సులో చేరింది. సీసం అక్షరాలు ఏరి వరస కూర్చడం పని. మొదటి నెలల్లో యజమాని ఆమెకు నేర్పిందల్లా ఒక్కటే. అచ్చయిన పేజీని విప్పాలి, ఏ గూటి అక్షరం ఆ గూట్లో వేయాలి, పేజీలు కూర్చే నాపబండను గుడ్డపెట్టి తుడవాలి. ఆ తర్వాతే కొత్త పని. "బండ తుడిచావా?" అన్నది అతని పలకరింపు, గుడ్ మార్నింగు, సంధ్యావందనం కూడా. తుడవకపోతే స్కేలుతో వేళ్ళ మీద ఒకటి పడేది. తర్వాత సీసం పోయి కంప్యూటరు వచ్చింది. "ఆడవాళ్ళ వేళ్ళు చురుగ్గా ఉంటాయి," అని యజమాని ఆమెను దాని ముందు కూర్చోబెట్టాడు. జీతం మాత్రం వేళ్ళంత చురుగ్గా పెరగలేదు.

ఆ ప్రెస్సులోనే వేలాయుధన్ మాష్ పుస్తకం ఆమె చేతికి వచ్చింది. బడిలో చదువు చెప్పి రిటైరైన మనిషి, అందుకే ఊరందరికీ మాష్. కోల్ పొలాలు సగం ఏడాది నీళ్ళ కింద, సగం ఏడాది వరి కింద ఉంటాయి. ఆ నీళ్ళలో దొరికే చేపల పేర్లన్నీ మాష్ సేకరించాడు. కూలీల దగ్గర, వల వేసేవాళ్ళ దగ్గర, చేపలమ్మే ముసలమ్మల దగ్గర కూర్చుని అడిగి రాశాడు. కొరమీనుకు పిల్లగా ఉన్నప్పుడొక పేరు, ఎదిగాక ఒక పేరు. గట్టుకు ఇటువైపు బొమ్మిడాయిని పిలిచే పేరు అటువైపు తిట్టు. రోసిలి టైపు కొడుతూ కొడుతూ నవ్వు ఆపుకోలేక కుర్చీలోంచి లేచి వెళ్ళిపోయేది.

పేజీలన్నీ తయారయ్యాయి. అచ్చు మాత్రం కాలేదు. పెళ్ళి శుభలేఖ ఆగదు, ఎలక్షన్ నోటీసు ఆగదు, పదో తరగతి గైడు అసలే ఆగదు. ఆగగలిగింది పుస్తకం ఒక్కటే. అలా ఏళ్ళు ఆగింది. చివరికి ప్రెస్సు మూతపడింది. మాష్ చేతిరాత ప్రతిని, దిద్దిన ప్రూఫులనూ చిత్తుకాగితాలవాడు పట్టుకుపోయాడు. త్రిశూర్ సాహిత్య సభల్లో మాతృభాష చచ్చిపోతోందని కళ్ళొత్తుకున్న పెద్దమనిషి ఒక్కడూ అటు తొంగి చూడలేదు. రోసిలి మాత్రం, "నాకేమీ వద్దు, ఆ పాత డిస్కు ఇవ్వండి," అని అడిగి తెచ్చుకుంది.

ఇప్పుడు మాష్‌కు ఎడమ కన్ను పూర్తిగా పోయింది. కుడి కన్ను వచ్చే వానాకాలం దాకా ఉంటే గొప్పే అన్నాడు డాక్టరు.

"పుస్తకం వచ్చాక చదివి వినిపించేవాళ్ళు బోలెడుమంది దొరుకుతారు రోసిలీ," అన్నాడు మాష్. "చూడాల్సింది మాత్రం నేనే. నా పేజీ నా కంటితో చూడాలి. అంతకంటే పెద్ద కోరికలు లేవు నాకు."

ఆ మాట విన్న రోజే రోసిలి త్రిశూర్ బస్సెక్కి బోర్డు బేరమాడింది.

చిక్కేమిటంటే ఆ పుస్తకం పాతకాలపు అక్షరాల్లో ఉంది. దాన్ని తెరిచే పేజీల ప్రోగ్రాము పాత విండోస్‌లో తప్ప నడవదు. త్రిశూర్‌లో అచ్చువేసేవాళ్ళకు కొత్త రకం అక్షరాలు కావాలి, వాటిని కొత్త విండోస్‌లో పేజీలుగా కట్టి ఇవ్వాలి. పాత అక్షరాలను కొత్తవాటిగా మార్చే ప్రోగ్రాము ఒకటుంది. మలయాళం మీద ఇష్టం కొద్దీ ఎవరో ఊరికే రాసి ఊరికే పంచిపెట్టింది. అది విండోస్‌లో కాదు, లినక్స్ అనే ఇంకో వ్యవస్థలో నడుస్తుంది. అంటే పుస్తకం ఒడ్డుకు చేరాలంటే మూడు చోట్ల మజిలీ చేయాలి. మూడు కంప్యూటర్లు కొనే తాహతు రోసిలికి లేదు. ఒకే డబ్బాలో మూడింటినీ కాపురం పెట్టించాలి.

"ఒక ఒరలో రెండు కత్తులే ఇమడవంటారు. నువ్వు మూడు దూరుస్తానంటున్నావు," అన్నాడు ఇనాసు.

"కత్తులైతే ఇమడవు. ఇవి సవతులు. గదులు వేరు చేసి గోడలు కట్టేస్తే ఉంటాయి."

ఆ గోడలు కట్టడం నేర్పింది గవర్నమెంటు బడిలో కంప్యూటర్లు చెప్పే సుహరా టీచర్. లినక్స్ సీడీ ఇచ్చిందీ ఆమే. "వరస తప్పొద్దు చేచ్చీ," అని అక్కకు చెప్పినట్టు మరీమరీ చెప్పింది. "ముందు పాత విండోస్, తర్వాత కొత్తది, ఆఖర్న లినక్స్. పెద్దాళ్ళకి ముందు వడ్డించకపోతే అలిగి విస్తర్లన్నీ తిరగేస్తారు. పాతది వెనకొచ్చిందంటే, మిగతావాళ్ళు ఇంట్లో ఉన్నట్టే ఎరగనంటుంది."

రోసిలి డిస్కును గదులుగా చేసింది. మొదటి గదిలో పాత విండోస్ ఎక్కించింది. ఏళ్ళనాటి ఆ స్వాగతం పాట వినబడగానే లేచి నిలబడి చప్పట్లు కొట్టింది. రెండో గదిలోకి మాష్ పుస్తకాన్ని దింపింది. ప్రెస్సు నుంచి తెచ్చిన పాత డిస్కు కీచుకీచుమని మూలుగుతూ పేజీలన్నీ అప్పగించి, పని అయ్యాక మళ్ళీ లేవలేదు. మూడో గదిలో కొత్త విండోస్. మీట నొక్కితే ఏది కావాలని తెర అడుగుతుంటే రోసిలికి గాల్లో తేలినట్టుంది. వంటింట్లో కర్రపెండలం మాడిన వాసన వచ్చినా పట్టించుకోలేదు.

"పుస్తకానికి ఇంకో కాపీ ఎక్కడైనా పెట్టారా చేచ్చీ?" అని సుహరా ఫోనులో అడిగింది.

"లినక్స్ కూడా ఎక్కించాక పెడతాలే టీచరే. ఒక్క మెట్టేగా మిగిలింది!"

ఇల్లు అలకగానే పండగ కాదని మన పెద్దవాళ్ళు ఊరికే అనలేదు.

ఆదివారం చర్చి నుంచి రాగానే, చీర కూడా మార్చకుండా రోసిలి లినక్స్ సీడీ పెట్టింది. ఇనాసు వసారాలో అట్టలు కోసుకుంటున్నాడు. తెర మీద ప్రశ్నలు ఒక్కొక్కటే వస్తున్నాయి. భాష ఏది? ఊరు ఏది? ఆమె వేళ్ళు హుషారుగా పరుగెత్తుతున్నాయి. ఇంకో ప్రశ్న వచ్చింది. డిస్కును శుభ్రంగా తుడిచి వేయమంటావా, ఉన్నవాటి పక్కన వేయమంటావా?

శుభ్రంగా తుడవడం. ఆ మాట కంటబడగానే ఆమెలో ప్రెస్సు యజమాని కేకేశాడు, బండ తుడిచావా? కొత్త పని మొదలెట్టే ముందు బండ తుడవని కంపోజిటరు ఉంటుందా? చెయ్యి, తుడిచెయ్యమన్న జవాబునే ఎంచుకుంది. ఖాయమేనా అని అడిగితే ఖాయమే అంది. చిన్న నీలం గీత కదలడం మొదలైంది. అప్పుడు, అప్పుడు మాత్రమే, రోసిలి తాను ఒప్పుకున్నదేమిటో చదివింది.

ఆ అరుపుకు కొబ్బరిచెట్టు మీది కాకులు లేచిపోయాయి.

ఆమె గొంతు ఇంకా ఆగనేలేదు, కరెంటు పోయింది. తెర నల్లబడింది. వసారాలోంచి ఇనాసు, "ఏ వేలు?" అన్నాడు.

రోసిలి కుర్చీలో కూలబడింది. "వేలు కాదయ్యా. మాష్ పుస్తకం. నా చేత్తో నేనే తుడిచేశాను."

ఇనాసు చెయ్యి స్విచ్ మీంచి మెల్లగా జారింది. "నేనే చంపానా? నడుస్తుండగా తియ్యొద్దన్నావు కదా... పాడు చెయ్యి, ఆగలేదు."

రోసిలికి అతణ్ణి తిట్టే ఓపిక కూడా లేదు. సుహరాకు ఫోను చేసింది.

"తుడవడం మొదలయ్యాక ఎంతసేపు నడిచింది చేచ్చీ?"

"ఎక్కడ నడిచింది? నేను అరిచాను, ఈయన కరెంటు పీకేశాడు."

అవతల అది విని సుహరా పకపకా నవ్వింది. "ఇనాసేట్టన్ చేతికి బంగారు కడియం చేయించండి! ఆ మనిషి స్విచ్ తియ్యకపోయుంటే ఈపాటికి అంతా ఊడ్చుకుపోయేది. దేన్నీ ముట్టుకోకండి, మళ్ళీ ఆన్ చెయ్యకండి. బిరియానీ దించి వస్తున్నా."

ఇనాసు ఛాతీ అంగుళం పొంగింది. "విన్నావా? కడియమంట."

"ముందు అది దొరకనీ. దొరక్కపోతే సంకెళ్ళు, ఇద్దరికీ కలిపి," అంది రోసిలి. కానీ ఆమె గుండెల్లో కొడిగట్టిన దీపం ఒకటి రెపరెపలాడింది.

సుహరా ఒక చేతిలో బిరియానీ గిన్నె, మరో చేతిలో సీడీ, చిన్న డిస్కు పట్టుకుని వచ్చింది. ఈసారి కంప్యూటరును తన సీడీ మీదనే లేపింది. డిస్కు మీద ఒక్క అక్షరం కూడా రాయకుండా చదివి చూసే పద్ధతి అది. "పొలం పోలేదు చేచ్చీ. గట్లు చెరిగాయి, అంతే. ఈ ప్రోగ్రాము గట్లు ఎక్కడుండేవో వెతుకుతుంది. మొదట్లో మాత్రం కాస్త తుడిచేసింది. పుస్తకం ఏ గదిలో ఉంది?"

"రెండో దాంట్లో."

"అయితే అదృష్టం బాగుంటే తుడుపు అందాకా వెళ్ళి ఉండదు."

గుమ్మం దగ్గర కర్ర చప్పుడైంది. ప్రతి ఆదివారంలాగే మాష్ వచ్చాడు. "ఏం రోసిలీ, నీ ఎర్ర గుడ్డ పెట్టె లేచిందా, ఇంకా పెళ్ళికూతురిలా ముసుగేసుకునే ఉందా?"

ముగ్గురూ ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. దాచాలనుకుంటే దాచవచ్చు, ఆయనకు తెర ఎలాగూ కనబడదు. ఆ ఆలోచన వచ్చినందుకే రోసిలికి తన మీద తనకే ఒళ్ళు మండింది. ఏమీ మిగల్చకుండా జరిగిందంతా చెప్పేసింది.

మాష్ కర్ర మీద గడ్డం ఆనించి కూర్చున్నాడు. "గట్లు వెతుకుతున్నారన్నమాట," అన్నాడు. "మా కోల్‌లో ప్రతి ఏడాదీ అదే పని. నీళ్ళు తోడేదాకా అంతా ఒకటే సముద్రం. పాత కూలీలు నడుంలోతు నీళ్ళలో నడుస్తూ అరికాలితో గట్టు పట్టేవాళ్ళు. ఒక్కడూ తొందరపడేవాడు కాదు. ఇనాసూ, పాలు లేని టీ ఒకటి ఇప్పించవయ్యా. తెర మీద ఏం వస్తోందో నువ్వు చదివి చెప్పు రోసిలీ."

అంకెలు కదులుతున్నాయి. టీలు వచ్చాయి, చల్లారాయి. మొదటి గట్టు దొరికింది, లోపలంతా చిందరవందర. పాత విండోస్ పోయినట్టే. "పోనీ, సీడీ ఉంది, మళ్ళీ ఎక్కిస్తా," అంది రోసిలి, పెదవులు కొరుక్కుంటూ. అంకెలు మళ్ళీ కదిలాయి. ఇనాసు జపమాల తీశాడు. సుహరా గొంతులో ఏదో గొణుక్కుంటోంది. మాష్‌కు దేవుడి మీద నమ్మకం లేదు, ఆయన టీ గ్లాసును రెండు చేతులా పట్టుకున్నాడు.

ఇంకో గీత వచ్చింది. సుహరా దాన్ని తెరిచింది. పేర్ల వరస.

"చదువు," అన్నాడు మాష్.

"వరదనీటి చేపలు," రోసిలి తెర మీద వేలు పెట్టి చదివింది. "బురదలో దాక్కునేవి... ముల్లు గుచ్చేవి... గట్టు దాటి నడిచేవి... మాష్! అన్నీ ఉన్నాయి! తిట్లతో సహా అన్నీ ఉన్నాయి!"

ఆమె మళ్ళీ అరిచింది. ఈసారి ఆనందంతోనే. సుహరా మెరుపులా తిరిగి, "ఇనాసేట్టా! చెయ్యి!" అంది. ఇనాసు అప్పటికే సగం లేచి ఉన్నాడు. జపమాల పట్టుకున్న చేతిని మరో చేత్తో పట్టుకుని కూర్చున్నాడు. ఇల్లంతా నవ్వు. రోసిలి నవ్వుతూనే పుస్తకాన్ని సుహరా చిన్న డిస్కులోకి ఒకసారి, అనుమానం తీరక ఇంకోసారి దింపింది.

ఆ తర్వాత వారమంతా ఆ ఇంట్లో తిరునాళ్ళే. డిస్కునంతా మళ్ళీ మొదటి నుంచి గదులుగా చేసి, పెద్దవాళ్ళకు ముందు వడ్డించి, మూడింటినీ ఎక్కించింది. లినక్స్ ప్రశ్న మళ్ళీ వచ్చినప్పుడు రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని, గట్టిగా పైకి చదివి, "పక్కన, పక్కన," అని తనకు తానే చెప్పుకుని అప్పుడు నొక్కింది. మీట నొక్కగానే మూడు పేర్లూ ఒకదాని కింద ఒకటి బుద్ధిగా నిలబడ్డాయి. పాతదాన్ని లేపి అధ్యాయాలు బయటికి తీసింది. దాన్ని పడుకోబెట్టి లినక్స్‌ను లేపి అక్షరాలు మార్చింది. దాన్నీ పడుకోబెట్టి కొత్త విండోస్‌లో పేజీలు కట్టింది.

"ఇప్పుడు ఎవరి కాపురం?" అని ఇనాసు వసారాలోంచి అడుగుతూనే ఉన్నాడు.

"మూడోదానిది. మిగతా ఇద్దరూ నిద్రపోతున్నారు, గట్టిగా మాట్లాడకు."

తర్వాతి ఆదివారం మాష్ వచ్చేసరికి రోసిలి ఒక పేజీ సిద్ధంగా ఉంచింది. సీసం అక్షరాల్లో చేయలేనిది కంప్యూటరులో చిటికెలో అయింది. ఒక్కో అక్షరాన్ని చింతగింజంత పెద్దది చేసి ప్రింటు తీసింది. మాష్ ఆ కాగితాన్ని వసారాలో ఎండ పడేచోటికి తీసుకుపోయాడు. కుడి కంటికి అంగుళం దూరంలో పెట్టుకున్నాడు. ముక్కు కాగితానికి తగులుతోంది. పెదవులు కదులుతున్నాయి.

రోసిలితో పాటు, ఆ పేజీ కోసమే వచ్చిన సుహరా కూడా ఆయన పక్కన నిలబడింది.

"అయ్యయ్యో!" అని మాష్ కేక పెట్టాడు.

ఇనాసు చెయ్యి స్విచ్ మీదికి ఎగిరింది.

"దించు!" అని రోసిలి, సుహరా ఒక్కసారే అరిచారు. చెయ్యి గాల్లోనే ఆగింది.

"తప్పు!" మాష్ కర్రతో నేల మీద కొట్టాడు. మొహం చిన్నపిల్లాడిలా వెలిగిపోతోంది. "బొమ్మిడాయికి అవతలి గట్టు పేరు నేను తప్పు రాశాను. కారత్తాయి అనే ముసలమ్మ తర్వాత చెప్పింది, 'మాషే, నువ్వు రాసిన తిట్టు మర్యాదస్తుల తిట్టు, అసలుది వేరే' అని. ఇన్నేళ్ళూ లోపల గుచ్చుకుంటూనే ఉంది. ఇప్పుడు మార్చవచ్చా రోసిలీ? మార్చడం కుదురుతుందా?"

"ఎందుకు కుదరదు?" రోసిలి అప్పటికే కుర్చీలో ఉంది. వేళ్ళు మీటల మీద ఉన్నాయి. "చెప్పండి మాష్. గట్టిగానే చెప్పండి."

మాష్ సుహరా వైపు, అంటే సుహరా ఉందనుకున్న వైపు తిరిగాడు. "టీచరమ్మ చెవులు మూసుకోవాలి."

"మూసుకున్నా మాష్, కానివ్వండి," అంది సుహరా, చెవుల మీద చేతులైనా పెట్టుకోకుండా.

మాష్ చెప్పాడు. రోసిలి కొట్టింది. కొట్టి, నవ్వు ఆపుకోలేక కుర్చీలోంచి లేచి వంటింట్లోకి పరుగెత్తింది.